చదివి వినిపించగా

నా చిన్నప్పుడు మా పల్లెలో చదువొచ్చిన ఆడపిల్లని నేనొక్కదాన్నే. అందుకని నా టెక్కుకు అంతుండేది కాదు. వడమాలపేట దగ్గర చిన్న పల్లె మాది. ఎవరింటికి కార్డు వచ్చినా నన్నే పిలిచేవాళ్ళు. చదివినందుకు బెల్లం ముక్కో, గుప్పెడు బొరుగులో చేతిలో పెట్టేవాళ్ళు. నేను ఏది చదివితే అదే కాగితంలో ఉందని అందరూ నమ్మేవాళ్ళు. ఆ నమ్మకంతో ఒకసారి నేను చేసిన పని ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పుకోలేదు.

యుద్ధం నడుస్తున్న రోజులవి. మా బావిలో రెండిళ్ళకు చెరిసగం పాలుండేది. ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడుకోవడానికి ఒకరోజు మా వంతు, మరునాడు పక్క మడి వాళ్ళ వంతు. ఆ యేడు వానలు లేక బావి అడుగంటింది. ఎవరి వంతు అన్న దగ్గర మాటా మాటా పెరిగి, పక్క మడి మామ పార ఎత్తి మా చిన్నాయన్ను తల మీద కొట్టి చంపేశాడు. వరసకు ఆయన్ను మామా అని పిలిచేవాళ్ళం. చిన్నాయన చేతిలో పగ్గం తప్ప ఏమీ లేదు. చూసినవాళ్ళు నలుగురున్నారు. మామ కూడా కోర్టులో కాదనలేదు. చిత్తూరులో ఉరిశిక్ష వేశారు, అప్పీలు కూడా కొట్టేశారు. ఆయన్ను వేలూరు జైల్లో పెట్టారు.

చిన్నాయనంటే నాకు ప్రాణం. కపిల తోలుతూ, ఎద్దులు వాలులోకి దిగేటప్పుడు మోకు మీద తన ముందర నన్ను కూర్చోబెట్టుకుని, పడిపోకుండా ఒక చేత్తో నడుము పట్టుకునేవాడు. ఆయన పోయాక మా నాయన రోజూ అన్నం ముందు ఒకటే మాట అనేవాడు, వాణ్ణి ఉరి తీస్తేగానీ నా తమ్ముడికి గతి లేదని. నేనూ బడిలో అదే మాట అంటూ తిరిగేదాన్ని. తెలియక అన్నానని ఇప్పుడు తప్పించుకోవచ్చు. కానీ తొమ్మిదేళ్ళ పిల్లకు చావంటే ఏమిటో తెలుసు, అప్పటికే ఒకటి చూసి ఉన్నాను గనుక.

ఒక మధ్యాహ్నం, నాయన తిరుపతికి బెల్లం తోలుకుపోయిన రోజు, మామ పెండ్లాం మా ఇంటి ముందుకు వచ్చింది. చంకలో పాలు తాగే పిల్ల, చేతిలో మడతపెట్టిన కాగితం. మా అవ్వ, అంటే చిన్నాయన తల్లి, వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తి చూసింది గానీ రమ్మనలేదు. ఆ అత్త చాలాసేపు ఎండలోనే నిలబడింది.

"పెద్దమ్మా, గవర్నరు దొరగారికి అర్జీ రాయించినా. ఉరి తీయకుండా బతికినన్నాళ్ళూ జైల్లోనే పెట్టమని. పోయినోడి తల్లి ఏలిముద్ర ఉంటే ఇంటారంట. రేప్పొద్దున టపాలో పోవాల" అంది.

అవ్వ నోటికొచ్చినట్టు తిట్టింది. నా బిడ్డను మింగి నా గడప కాడికే వచ్చినావా అంది. ఇంకా చాలా అంది, అవన్నీ రాయలేను. ఆ అత్త కదల్లేదు, ఏడవనూ లేదు. తిట్టీ తిట్టీ అవ్వ అలిసిపోయింది. చేతులు కొంగుకు తుడుచుకుని, "దాంట్లో ఏముండాదో సదువు పాపా" అంది నాతో.

నేను ముందు లోలోపల చదువుకున్నాను. అందులో ఉన్నది ఇది: నా భర్త చేసినది మహాపరాధము. చనిపోయిన వ్యక్తి ఎవరికీ అపకారము చేసినవాడు కాడు. ముగ్గురు పసిబిడ్డలను చూచి ప్రాణము మాత్రము విడిచిపెట్టవలెను. కింద, మామూలుగా దస్తావేజుల్లో ఉండే మాటలే ఉన్నాయి: చదివి వినిపించగా విని, సమ్మతించి వేసిన వేలిముద్ర.

ఇది చదివితే అవ్వ మెత్తబడుతుందని నాకు తెలిసిపోయింది. మామ బతికిపోతాడు. నాకు ఒళ్ళు మండింది. కాగితం మొహానికి ఎత్తి పట్టుకుని, ఉన్నదానికి తలకిందులుగా చదివాను. చనిపోయిన వ్యక్తి తాగి ఉండెను, అతడే ముందు పార ఎత్తెను, అతడు చెడునడత కలవాడు అని. అర్జీల భాష నాకు బాగానే పట్టుబడింది. ఎక్కడా తడుముకోలేదు.

"అయ్యో, నేనట్టా రాయమనలేదు పెద్దమ్మా! పిల్ల మీద ఒట్టు!" అని ఆ అత్త కూలబడిపోయింది. ఆమెకూ చదువు రాదు.

అవ్వ మొహం నల్లబడింది. ఇక కాగితం చించి పొయ్యిలో పెడుతుందనుకున్నాను. ఆమె మాత్రం చింతపండు పక్కకు నెట్టి, "ఇంకోటి రాయించేకి పొద్దుందా?" అని అడిగింది. ఆ అత్త లేదని తలూపింది.

అవ్వ లేచి లోపలికి పోయి, సంగటి కుండ అడుగు మసి గీకి ఆముదంలో కలిపి తెచ్చింది. "నా బిడ్డ ఎట్టాంటోడో నాకు తెలుసు. కాగితానికి తెలీకపోతే పోనీ. వాడింక ఏ మాటా పడడు. సర్కారోళ్ళు దీని మొగుని గొంతుకు తాడెయ్యాలని సూస్తా ఉండారు. ఈ ఏలు ఎయ్యకపోతే ఆ తాడు ఒక కొస నా సేతిలో ఉన్నట్టే" అంది. బొటనవేలు మసిలో ముంచి అదిమింది. తర్వాత ఆ అత్త వైపు తిరిగి, "మన్నించినాననుకోబాక. నా బిడ్డ మొగం తల్సుకుంటే ఇప్పుడూ కడుపు కాల్తాది. ఇంక నా కంటికి కనబడబాక, పో" అంది.

చదివినవాళ్ళ పేరు కూడా కింద ఉండాలి. నా చేత రాయించారు. చదివి వినిపించినది అని రాసి, నా పేరు పెట్టాను. అప్పుడైనా నోరు తెరిచి ఉండొచ్చు. తెరవలేదు, అవ్వ నన్ను ఎలా చూస్తుందోనని భయపడ్డాను.

కొన్ని నెలలకు ఉరి తప్పించి యావజ్జీవం చేశారని కబురొచ్చింది. అవ్వ వేలిముద్ర సంగతి తెలిసి నాయన ఆమెతో చాలాకాలం మాట్లాడలేదు. కాగితంలో ఏముందని నాయన అడిగితే అవ్వ చెప్పలేదు. కొడుకు మీద పడిన నింద ఇంకొకరి చెవిన పడకూడదనుకుందేమో. నేను పక్కనే కూర్చుని అన్నం తింటున్నాను.

ఇప్పుడు టీవీలో ఉరిశిక్ష అని వస్తే మా మనవళ్ళు చప్పట్లు కొడతారు. వాళ్ళను తప్పుపట్టను. ఆ కోపం నాకు కొత్త కాదు, అది న్యాయంగా పుట్టిన కోపమే. కానీ ఆ కోపంతో నేను ఒక మనిషిని దాదాపు చంపాను, వాకిట్లో నిలబడి, గట్టిగా చదువుతూ. నాకంటే ఎక్కువ కోపం ఉన్న మనిషి, నాకంటే ఎక్కువ పోగొట్టుకున్న మనిషి అడ్డుపడింది కాబట్టి తప్పింది. అవ్వ నుంచి నేర్చుకున్నది అంతే, అది పెద్దదే.

అవ్వ ఆ తర్వాత పద్నాలుగు నెలలు బతికింది. రోజూ ఆమె పక్కలోనే పడుకునేదాన్ని. తన కొడుకును చెడ్డవాడన్న కాగితం మీద వేలు వేశాననుకుంటూనే ఆమె పోయింది. ఆ కాగితంలో చిన్నాయన్ను మంచివాడనే రాశారని, ఒక్క మాట, నేను చెప్పలేదు.