మావయ్య జాయింటు మీద నా నంబరు

ఆ జాయింటు వేసింది నేను కాదు, మా మావయ్య. ఇంత చిన్న మాట పైకి అనడానికి నాకు ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

నెల కిందట, నేను పరీక్షకుడిగా కూర్చునే వెల్డింగ్ టెస్టుకి భిలాయి దగ్గరి నందిని గనుల వైపు నుంచి ఒకావిడ వచ్చింది. బడి మొహం చూడలేదట, భర్త షాపులో పని నేర్చుకుందట. "మార్కుషీట్ నహీ హై సాబ్, హాథ్ దేఖ్ లో" అంటూ, మార్కుల కాగితం లేదు చేతిపని చూసుకోమని రెండు చేతులూ నా ముందు చాపింది. అనుభవం ఉంటే చాలు, చదువు లేకపోయినా కూర్చోవచ్చని ఇప్పుడు వీలుంది కాబట్టి కూర్చోబెట్టాను. ఆవిడ అతికిన ప్లేటును వంచి చూస్తే ఎక్కడా పగుల్లేదు. కాగితం మీద సంతకం పెడుతుంటే నాకు మావయ్యే గుర్తొచ్చాడు.

ఎనభైల్లో భిలాయి ఉక్కు ప్లాంటు చుట్టూ ఎన్ని వెల్డింగ్ షెడ్లు ఉండేవో మా తరం వాళ్లకి తెలుసు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మావయ్య అలాంటి ఒక షెడ్డులో పెద్ద వెల్డర్ల వెనక కేబుళ్లు మోస్తూ, చూసి చూసి పని పట్టుకున్నాడు. నేను ఐటీఐ సర్టిఫికెట్టుతో అక్కడే చేరాను. వెల్డింగ్ చేసేటప్పుడు ఆర్క్ చప్పుడు రేకు మీద సన్నవాన పడినట్టు ఒకే తీరుగా రావాలని నాకు చెప్పింది పుస్తకం కాదు, ఆయన.

ఆవిరి పైపుల్ని సర్టిఫికెట్టు ఉన్నవాళ్లే అతకాలి, అతికినవాడు తన నంబరు జాయింటు పక్కన ఉక్కు పంచ్‌తో అచ్చు కొట్టాలి. మా షెడ్డులో దానికో దారి కనిపెట్టారు. కష్టమైన జాయింటు మావయ్యలాంటివాళ్లు వేసేవారు, నంబరు మాలాంటివాళ్లం కొట్టేవాళ్లం.

ఒకసారి పైపు అడుగున పడుకుని వెయ్యాల్సిన జాయింటును నేను రెండుసార్లు పాడుచేస్తే, మావయ్య దాన్ని అరగదీసి కొత్తగా వేశాడు. నంబరు నాది. ఆ జాయింటుకి తీసిన ఎక్స్‌రే ఫిల్ము కిటికీ వెలుతురుకి ఎత్తి చూసిన ఇన్‌స్పెక్టరు మచ్చ కూడా లేదని మురిసిపోయి, నన్ను పిలిపించి, అందరి ముందూ చెయ్యి కలిపాడు. చదువంటే ఇదీ అన్నాడు. ఇకమీదట సర్టిఫికెట్టు లేనివాడు వెల్డింగ్ హోల్డరు ముట్టుకోకూడదన్నాడు. నాలుగడుగుల దూరంలో మావయ్య వైర్ బ్రష్షు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నిజం చెప్పొద్దని ఫోర్‌మన్ కళ్లతోనే వారించాడు గానీ నన్ను ఆపింది అది కాదు, ఆ మెప్పు నాకు తియ్యగా ఉంది. తల దించుకున్నాను. అందరూ వినయం అనుకున్నారు.

ఆ సాయంత్రం సైకిళ్ల మీద ఇంటికొస్తూ మావయ్య, "ఏటల్లుడూ, పేసయింది నువ్వే కదేటి, మొహం అలగెట్టేవు?" అని నవ్వించబోయాడు. అత్తయ్య మాత్రం అన్నం వడ్డిస్తూ, "నీ మేనల్లుడు సదువు నేర్సుకున్నాడు గానీ మాటలు నేర్సుకోనేదు" అంది, నాకేసి చూడకుండానే. సోమవారం నుంచి మావయ్యని వెల్డింగ్ మాన్పించి, ఇనుము అరగదీసే గ్రైండింగ్‌లో వేశారు. పరీక్షకు కూర్చుంటానని ఆయన అడిగితే, ఫారంలో పదో తరగతి మార్కుల గడి దగ్గరే ఆ మాట ఆగిపోయింది. ఆ తర్వాత పని గురించి ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

సర్టిఫికెట్టు వద్దని నేననను. ఆవిరి పైపు పగిలితే ఎదురుగా ఉన్నవాడు బతకడు, పరీక్ష ఉండాల్సిందే. కానీ బడికి వెళ్లలేనివాణ్ని గుమ్మంలోనే ఆపేస్తే వాడి పని ఆగదు, వాడి పేరు మాత్రం మాయమవుతుంది. ఇప్పుడా తలుపు కొంచెం తెరుచుకుంది. నందిని నుంచి వచ్చిన ఆవిడ తన నంబరు తానే కొట్టుకుంటుంది. మావయ్యకి మాత్రం, వయసు మీదపడి చేతులు వణకడం మొదలయ్యాక తెరుచుకుంది.

ఆవిడ టెస్టు అయిన ఆదివారమే, భిలాయిలోనే వైశాలి నగర్‌లో ఉన్న మావయ్య ఇంటికి వెళ్లాను. మనవలకు తెలిసిన తాతయ్య జన్మంతా ఇనుము అరగదీసిన మనిషి. వాళ్లనీ, అత్తయ్యనీ కూర్చోమంటే, "ఏట్రా, సమ్మంధం గానీ తెచ్చేవేటి, అందర్నీ కూకోబెడతన్నావు?" అన్నాడు మావయ్య. నేను ఆ పాత జాయింటు సంగతి మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం ఊపాడు. "ఒగ్గీరా, ఆ పైపూ ఈపాటికి తుక్కయిపోయుంటాది."

ఈసారి నేను ఆగలేదు. తెలుగు సరిగా రాని పిల్లలకు అర్థం కావాలని జరిగిందంతా ముందు హిందీలో చెప్పి, ఆయన వైపు తిరిగాను.

"ఆ జాయింటు నీది మావయ్యా. అందరి ముందూ నాదనిపించుకున్నాను. నేను నోరు మూసుకోబట్టే నీ చేతిలో పని పోయింది. తప్పు చేశాను, నన్ను క్షమించు."