యానాం టీచర్‌గారు విప్పి చూపిన మాట

రొయ్యలు ఒలిచిన చేతి వాసన సబ్బుతో పోదు. ఈ ఉదయం నిమ్మచెక్కతో వేళ్ళు రుద్దుకుంటుంటే యానాం టీచర్‌గారు గుర్తొచ్చి, చెయ్యి ఆగిపోయింది.

ఆవిడ పేరు మార్తమ్మగారు. పుట్టింది యానాంలో. ఏలూరులో మా ఇంటర్ కాలేజీలో ఫ్రెంచి చెప్పేవారు. మేమంతా మార్కుల కోసం ఆ సబ్జెక్టు తీసుకున్నవాళ్ళమే, ప్రేమా గీమా ఏమీ లేదు. ఆవిడకు మాత్రం ఒక పట్టుదల ఉండేది. ఏ మాటనూ అర్థం రాయించి వదిలేసేవారు కాదు. దాన్ని విప్పి, లోపల ఏముందో అది మా చేత చేయించి చూపేవారు.

ఒకరోజు బోర్డు మీద "మెంతెనాఁ" అని రాశారు. "ఇప్పుడు అని గైడులో ఉందండీ" అంది ముందు బెంచీ అమ్మాయి.

"గైడు సంగతి అలా ఉంచమ్మా. 'మెఁ' అంటే చెయ్యి. 'తెనాఁ' అంటే పట్టుకుని ఉండగా. చేతిలో ఉండగానే, అంటే తక్షణమే అని పూర్వం వాళ్ళ ఉద్దేశం. రానురాను అది వట్టి 'ఇప్పుడు' అయింది. ఊఁ, అందరూ పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి."

నా పక్కనున్న పిల్ల చెయ్యి ఇవ్వలేదు. మాది కొల్లేటి లంక. పొద్దున్నే అమ్మతోపాటు షెడ్డులో రొయ్యలు ఒలిచి, బస్సెక్కి కాలేజీకి వచ్చేదాన్ని. "వాసనండీ" అందా పిల్ల. క్లాసంతా గొల్లుమంది. సిగ్గుతో చచ్చిపోయాను. రేపటి నుంచి కాలేజీ మానేస్తానని అక్కడికక్కడే అనేసుకున్నాను. టీచర్‌గారు ఎవరినీ కేకలెయ్యలేదు. సుద్దముక్క పక్కన పెట్టి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, గంట కొట్టేదాకా అలాగే నిలబడి పాఠం చెప్పారు. మర్నాడు మామూలుగా బస్సెక్కాను. ఇవాళ నేనూ టీచర్నయ్యానంటే ఆ గంటసేపే కారణం.

పోయినేడు టీచర్‌గారు తాడేపల్లిగూడెంలో తమ చెల్లెలిగారింటి నుంచి ఫోన్ చేశారు. గొంతు బాగా నీరసించిపోయింది.

"ఒకసారి వచ్చి వెళ్తావామ్మా?"

"పేపర్లు దిద్దుతున్నానండీ. వచ్చే ఆదివారం తప్పకుండా వస్తాను."

"సరేలేమ్మా. నీ వీలు చూసుకునే రా."

ఏం పేపర్లు, నా మొహం! రైలెక్కితే ఎంతసేపని! ఆవిడ గురువారమే వెళ్ళిపోయారు. చర్చిలో పెట్టె మూత వేసేముందు ఆ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. క్షమించండి టీచర్‌గారూ అన్నాను. ఎవరికి చెప్పినట్టు?

ఇప్పుడు నా క్లాసులో ఎవరైనా "ఒక్కమాటండీ" అంటే, సుద్దముక్క అక్కడ పెట్టేసి వెళ్తాను. అయినా మనసు ఊరుకోదు. ఆరోజు క్లాసులో నా చెయ్యి పట్టుకోవడానికి ఆవిడ ఆదివారం దాకా ఆగలేదు.