నుమాయిష్ హాలులో ఎర్రమట్టి

కుస్తీలో ఓడిపోయిన రోజున మా అన్న ఇంటికి వచ్చేవాడు కాదు, వేములవాడ పోయేవాడు. ఒకట్రెండు రోజులాగి, నొసట విభూతితో, చేతిలో ప్రసాదంతో దిగేవాడు. "రాజన్న పిలిచిండవ్వా, పోయిన" అనేవాడు. అంతటి భక్తుడు కరీంనగర్ మొత్తంలో లేడని మా వాడకట్టు జనం మురిసిపోయేవారు. నాకు ఒళ్లు మండేది. వీపు నేలకు తగిలినప్పుడే దేవుడెందుకు పిలుస్తాడో అడుగుదామని నోటిదాకా వచ్చేది. కన్నతల్లి గదా, అవ్వ కళ్లతోనే కసిరేది.

గెలిచిన రోజు సంగతి వేరు. తాలీంఖానాలో తాను కుస్తీ పట్టిన ఎర్రమట్టిని చిటికెడు దస్తీలో మూటగట్టి తెచ్చేవాడు. అవ్వ అతన్ని గడపలోనే నిలబెట్టి, ఆ మట్టి నొసట పెట్టి, బాదంపాలు చేతికిచ్చేది. కొడుకు కుస్తీలో ఆమె కళ్లబడింది ఆ చిటికెడు మట్టి ఒక్కటే. ఆడవాళ్లు తాలీంఖానాలో అడుగు పెట్టకూడదని కట్టుబాటు. బాపు పోయాక రెండు బర్రెల మీద ఇల్లు ఈడుస్తూ, ఉన్న పాలూ నెయ్యీ వాడికే పోసి పెంచింది. వాడు ఎట్లా కొట్లాడతాడో ఒక్కసారి కళ్లారా చూడాలని ఆమె ప్రాణం కొట్టుకులాడేది.

అట్లాంటిది, దేశదేశాల పహిల్వాన్ల పోటీలు మా ఊరి నుమాయిష్ హాలులోనే అని, అన్న కూడా బరిలోకి దిగుతున్నాడని తెలిసింది. నిజాం కాలంలో కట్టిన హాలు అది. ఎత్తైన కమాన్లు, కాళ్లు జారే నున్నటి బండలు. ఏటా వెండి తీగపని సామాన్లూ తివాచీలూ అక్కడ పరిచి చూపేవారు. ఒక రోజు ఆడవాళ్ల కోసమే తెరిచేవారు.

"అది తాలీంఖానా కాదు గదనే, హాలు. మనం పోవచ్చు" అంది అవ్వ. పెట్టెలోని మంచి చీర తీసి గాలికి ఆరేసింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అన్న గెలిచే పతకానికి నేను గోడ మీద చోటు కూడా చూసిపెట్టాను.

విదేశాల వాళ్లు పరుపుల మీద కుస్తీ పడతారట. మా అన్న ఉస్తాదు ఒప్పుకోలేదు. మన పహిల్వాన్లు పరుపెక్కరు, మట్టి పోయాల్సిందేనని పట్టుబట్టాడు. బండ్ల కొద్దీ ఎర్రమట్టి హాలులోకి వచ్చింది. మట్టి మెత్తబడాలంటే చల్ల, పసుపు, నువ్వుల నూనె కలపాలి. అడగడమే ఆలస్యం, అవ్వ కడవెడు చల్ల సంబరంగా పంపింది. సాయంత్రం ఉస్తాదు మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"చెల్లే, మట్టి పోసినంక అది తాలీమే. ఆడోళ్లు రావద్దు. జర సమజ్ చేసుకో."

అవ్వ గాలికి ఆరేసిన చీర దిక్కు చూసింది. నేను ఊరుకోలేదు.

"మా చల్ల కావాలె గని మేం వద్దా? గిదేం ఇన్సాఫ్ ఉస్తాదూ?"

ఆయన గడ్డం నిమురుకుంటూ అవ్వ ముఖంలోకి చూశాడు. పాపం, మంచి మనిషి.

"హాలు మీద జనానా వసారా ఉన్నది. ఎనకట బేగంలు జాలీ ఎనుక కూసుంటుండె. మట్టి కింద, మీరు మీద. నేనైతే సూడలే."

"కొడుక్కు చెప్పకు భాయ్" అంది అవ్వ. "నేనున్నట్టు తెలిస్తే వాని కాళ్లు ఒణుకుతయి."

పోటీనాడు వెనక మెట్లెక్కి చెక్క జాలీ వెనక కూర్చున్నాం. చల్లా పసుపూ కలిసిన వాసన పైదాకా వస్తోంది. "మన చల్లే" అంది అవ్వ గర్వంగా. కింద అన్న బరిలోకి దిగాడు. ఎదురుగా మొక్కజొన్న పీచు లాంటి జుట్టున్న మనిషి, మా అన్నకు ఒకటిన్నర ఉన్నాడు. ఇదేం జోడు రా దేవుడా అనుకున్నాను. అతను ఎత్తబోతే అన్న జారిపోతాడు. మెడ వంచితే మోకాలి మీద ఆగి మళ్లీ లేస్తాడు. చూడలేక నేను కళ్లు మూసుకున్నాను. అవ్వ మూసుకోలేదు. జాలీకి ముఖం ఆనించి అట్లాగే ఉండిపోయింది. ఎంతకో ధబ్బున చప్పుడైంది. కళ్లు తెరిస్తే అన్న వీపు మట్టిలో ఉంది.

నాకు ఏడుపొచ్చింది. అవ్వ అప్పటికే మెట్లు దిగుతోంది.

"ఉరుకవే, బస్సెక్కుతడు!"

నిజమే. అంగీ భుజాన వేసుకుని, పక్క తలుపులోంచి బస్టాండు దిక్కు పోతున్నాడు అన్న. అవ్వ పోయి అడ్డం నిలబడింది.

"ఏడికి బిడ్డా?"

"వేముల..." అని ఆగిపోయాడు. అవ్వ చెంప మీద జాలీ గళ్లు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. వాటినే చూస్తూ నిలబడ్డాడు.

"సూసినవా అవ్వా?"

"సూసిన."

"ఓడిన గదవ్వా."

అవ్వ చెయ్యి చాచి, వాడి వీపు మీది తడిమట్టిని వేలితో తీసి, నడిబజార్లోనే నొసట పెట్టింది.

"గంత మనిషి మీద పడితే గంతసేపు ఎట్ల నిలవడ్డవు కొడుకా?"

అంత పహిల్వానూ వెక్కివెక్కి ఏడ్చాడు. వచ్చేపోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. అవ్వ వాడి చెయ్యి పట్టుకుని ఇంటి దిక్కు తిప్పింది.

"రాజన్న ఏడికి పోడు. బాదం నూరిపెట్టి వచ్చిన, నడువు."