మావయ్య పేరు పక్కన నేను రాసిన మాట

పోయిన వారం మా మేనకోడలు నా ఫోన్‌కి ఒక పట్టిక పంపింది. గుడివాడలో బ్యాంకు ఉద్యోగం చేస్తూ అక్కడి ఉద్యోగుల యూనియన్ పనులు కూడా చూసే పిల్ల. కార్మికులకు సంబంధించిన బిల్లులు వచ్చినప్పుడు మనం గెలిపించి పంపినవాళ్ళలో ఎవరు ఎటు నిలబడ్డారో చూపించే పట్టిక అది. మన వైపు నిలబడ్డవాళ్ళకి ఆకుపచ్చ, ఎదురు నిలబడ్డవాళ్ళకి ఎరుపు. చూడటానికి ముచ్చటగానే ఉంది గానీ సగానికి పైగా గళ్ళు బూడిదరంగులో ఉన్నాయి. కింద చిన్న అక్షరాలతో మూజువాణి ఓటు, వివరాలు లేవు అని రాసి ఉంది. ఇన్ని ఫోన్లూ టీవీలూ ఉండి మాకే దొరకడంలేదు, మీ రోజుల్లో ఎట్లా చేసేవాళ్ళు అత్తా అని అడిగింది. అది ఫోన్లో నాలుగు ముక్కల్లో చెప్పేది కాదు. నా ఈడువాళ్ళతో చెప్పుకుంటే అర్థమవుతుందని ఇక్కడ రాస్తున్నాను.

మాది దివిసీమలో కోడూరుకి ఇంకా దిగువన ఉండే పల్లె. ఉప్పెనలో నాన్న పోయాడు, ఇల్లు పోయింది. అమ్మ, అన్నయ్య, నేను మిగిలాం. ఆ రోజుల గురించి మొదలుపెడితే నాకు ఆగదు కాబట్టి అటు వెళ్ళను. బియ్యం పంచడానికి వచ్చినవాళ్ళలో ఒకాయన మాత్రం, మిగతావాళ్ళంతా వెళ్ళిపోయాక కూడా నెలల తరబడి మా పల్లెలోనే ఉండి పాకలు వేయించాడు. మాకు చుట్టం కాదు, మా మతమూ కాదు, అయినా పిల్లలందరం ఆయన్ని మావయ్యా అనే పిలిచేవాళ్ళం. నన్ను బస్సెక్కించి బందరు తీసుకొచ్చి ఆడపిల్లల హాస్టల్లో చేర్చింది ఆయనే. తండ్రి లేక సంరక్షకుడు అన్నచోట తన పేరు రాసి సంతకం పెట్టాడు. అమ్మ ఆదివారం ప్రార్థనలో ముందు ఆయన పేరు చెప్పి, ఆ తరవాతే మా ఇద్దరి పేర్లు చెప్పేది.

నేను పదో తరగతి, ఆ తరవాత రెండు భాషల్లో టైపు పూర్తిచేసేసరికి మావయ్య మా వైపు ఎమ్మెల్యే అయ్యాడు. నాకు బందరులోనే, చిలకలపూడి వెళ్ళే దారిలో ఒక రోల్డుగోల్డు నగల షాపు మేడ మీద ఉన్న యూనియన్ ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం దొరికింది. రైసుమిల్లుల హమాలీలు, పెడన నేతవాళ్ళు, నగలకి మెరుగు పెట్టే షెడ్లలో పనివాళ్ళు కలిసి పెట్టుకున్న యూనియన్ అది. నేను అక్కడ చేరానని తెలిసి మావయ్య నవ్వి, మంచిచోటే చేరిందిలే అని అమ్మతో అన్నాడట.

మా కార్యదర్శి పెడనలో మగ్గం నేసే పెద్దాయన. అందరికీ బాబాయే. అసెంబ్లీ సమావేశాలు ముగిసిన ప్రతిసారీ మా జిల్లా ఎమ్మెల్యేలు కార్మికుల బిల్లుల మీద ఏం చేశారో ఒక కాగితం తీసి ఊరూరా అంటించే అలవాటు ఆయన పెట్టిందే. వినడానికి తేలికే, చెయ్యడం మహా కష్టం. ఎందుకంటే బిల్లుల్లో చాలావరకు మూజువాణి ఓటుతోనే నెగ్గుతాయి. ఒప్పుకునేవాళ్ళు అవునంటారు, ఒప్పుకోనివాళ్ళు కాదంటారు, ఏ గోల పెద్దగా వినబడితే బిల్లు అటు పోతుంది. ఏ గొంతు ఎవరిదో ఏ పుస్తకంలోనూ ఉండదు. ఎవరైనా సభ్యుడు పట్టుబట్టి డివిజన్ కావాలని అడిగితే తప్ప పేర్లు రాసుకోరు. అందుకని బాబాయి వేరే దారి పట్టాడు. బిల్లు వచ్చిన రోజు ఆ మనిషి సభలో ఉన్నాడా, ఉంటే నోరు విప్పాడా, విప్పితే ఏమన్నాడు, విప్పకపోతే మనం ఉత్తరం రాసి అడిగినప్పుడు ఏం జవాబిచ్చాడు, ఇవే ఆయన చూసేవి. హైదరాబాదు నుంచి నెలలు ఆలస్యంగా వచ్చే సభా కార్యక్రమాల పుస్తకాలు లైబ్రరీలో కూర్చుని నేను పేజీ పేజీ తిరగేసేదాన్ని. తెలియంది రాయొద్దు, తెలిసింది దాచొద్దమ్మాయ్ అనేవాడు బాబాయి. యూనియన్ పని గురించి ఆయన నాకు చేసిన ఉపదేశమంతా అంతే.

ఉత్తరాలకి వచ్చే జవాబులు చూసి ఎన్నిసార్లు నవ్వుకున్నామో. బిల్లు గురించి అడిగితే ఒకాయన తన తాతగారు ఎంత కష్టజీవో రెండు పేజీలు రాసి పంపాడు. ఇంకొకాయన తన ఫొటో ఉన్న క్యాలెండరు పంపాడు. బాబాయి దాన్ని మడిచి పక్కన పెట్టి, జవాబు గడిలో 'క్యాలెండరు పంపారు' అని టైపు చెయ్యమన్నాడు. చేశాను.

అప్పుడు వచ్చింది ఆ బిల్లు. కొద్దిమందే పనిచేసే మిల్లులూ షెడ్లూ ఇకమీదట మస్టరు పెట్టనక్కర్లేదు, తనిఖీకి ఎవరూ రానక్కర్లేదు అని దాని సారాంశం. వ్యాపారం సులువు కావడానికట. మస్టరంటే ఎవరు ఏ రోజు పనికి వచ్చారో పేర్లు రాసే పుస్తకం. దాని విలువ మా ఇంట్లో బాగా తెలుసు. అంతకు రెండేళ్ళ ముందే అన్నయ్య గుడివాడ మిల్లులో బస్తాల మీద నుంచి పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఈ మనిషెవరో మాకు తెలియదని మిల్లువాళ్ళు ఆ సాయంత్రమే అన్నారు. మస్టరులో ఆ రోజు తేదీ కింద అన్నయ్య పేరుంది కాబట్టి ఆ మాట నిలబడలేదు, వైద్యం చేయించక తప్పలేదు. ఆ పుస్తకమే అక్కర్లేదంటోంది ఆ బిల్లు. ఎప్పటిలాగే మూజువాణి ఓటుతో నెగ్గింది. మావయ్య ఆ రోజు సభలోనే ఉన్నాడు. పొద్దున మురుగుకాలవల పూడిక గురించి ప్రశ్న కూడా అడిగాడు. బిల్లు మీద మాత్రం ఒక్క మాట లేదు. ఆ తరవాత గుడివాడ సభలో హమాలీల ముందు నిలబడి, ఆ బిల్లుకి నేను ఒప్పుకోలేదని చెప్పాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో అన్నయ్య కూడా ఉన్నాడు.

మూడు ఉత్తరాలకి జవాబు రాకపోతే నాలుగోది పట్టుకుని నేనే ఆయన ఇంటికి వెళ్ళాను. యూనియన్ పని మీద వచ్చానండీ అని గుమ్మంలోనే చెప్పాను. ఆ మాట చెప్పడం ఎంత అవసరమో నాకు అప్పుడు తెలియదు. అత్తయ్య గారు కూర్చోబెట్టి పెసరట్టు పెట్టింది. ఆయన ఉత్తరం చదివి కళ్ళజోడు తీశాడు.

"ఏం రాయమంటావమ్మా? పార్టీ ఎటు చెబితే అటు అనాలి. అవుననే అన్నాను."

"మరి గుడివాడలో ఒప్పుకోలేదన్నారు కదా మావయ్యా?"

"మనసులో ఒప్పుకోలేదు. నోటితో ఒప్పుకున్నాను. ఇది నీకు చెబుతున్నాను, యూనియన్‌కి కాదు."

పెసరట్టు పళ్ళెం కింద పెట్టి లేచి నిలబడ్డాను. 

"నేను యూనియన్ మనిషిగానే వచ్చానండీ, వస్తూనే చెప్పాను. మీరు అవునన్నారని రాస్తాను."

"రాస్తావా?" అన్నాడు, నమ్మలేనట్టు. తరవాత చాలా నెమ్మదిగా, "నిన్ను చదివించింది ఇందుకేనా?" అన్నాడు.

"ఇందుకే అనుకుంటున్నానండీ" అన్నాను.

బందరు బస్సులో దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. పక్కన కూర్చున్న ముసలమ్మ ఎవరైనా పోయారా అమ్మా అని అడిగింది. లేదండీ అన్నాను. తప్పు చేశానన్న దుఃఖం కాదది. అంత మంచిమనిషి అంత మందికి అబద్ధం చెప్పి, దాన్ని దాచే పని పెసరట్టుతోపాటు నాకూ పెట్టాలనుకున్నాడే అన్న కోపం, ఆ కోపం చూపించాల్సింది ఆయన మీదేనా అన్న బాధ.

ఆఫీసుకొచ్చి కాపీలు తీసే స్టెన్సిలు మీద మావయ్య పేరు పక్కన 'బిల్లుకు అనుకూలం, తానే చెప్పారు' అని కొట్టాను. దాన్ని చూసి మా అధ్యక్షులు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన బందరులో పేరున్న ప్లీడరు. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి, మన యూనియన్ ఈసారి మావయ్య పార్టీకి మద్దతివ్వబోతోంది, ఈ మాట తీసేసి 'తటస్థం' అని కొట్టమన్నారు. అవునన్న మనిషి తటస్థం ఎట్లా అవుతాడండీ అని అడిగాను. టైపిస్టు పని టైపు చెయ్యడం, అర్థాలు చెప్పడం కాదన్నారు. అయితే ఈ ఒక్క మాటా మీరే కొట్టుకోండి అని మిషను ఆయన వైపు తిప్పాను. ఆయనకి టైపు రాదు. బాబాయి కండువా అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నాడు.

వచ్చే వారం కమిటీలో తేల్చుకుందామన్నారు. ఆ ఆదివారం చర్చిలో అమ్మ నా పక్కన కూర్చోలేదు. కబురు నాకన్నా ముందే ఊరు చేరింది. మనల్ని మనుషుల్ని చేసినాయన్ని వీధిలో పెడతావటే అని ఒక్క మాటే అంది. పాస్టరు గారు కూడా పిలిచి, క్షమించడం నేర్చుకోవాలమ్మా అన్నారు. నేను క్షమించనిదేముందండీ, ఆయన అన్న మాటే రాస్తున్నాను అన్నాను.

కమిటీలో తొమ్మిదిమంది. రెండు గంటలు మాటలయ్యాక అధ్యక్షులు గారు, ఎందుకీ గొడవ, మూజువాణితో తేల్చేద్దాం, తటస్థం అని రాయడానికి ఒప్పుకునేవాళ్ళు అవుననండి అన్నారు. నాకు కమిటీలో ఓటు లేదు, మాట్లాడే హక్కూ లేదు. అయినా తలుపు దగ్గర స్టూలు మీద నుంచి లేచాను. "మనం కూడా అదే చేస్తే ఇంక వాళ్ళనేం అడుగుతామండీ? చేతులెత్తండి, పేర్లు రాసుకుంటాను" అన్నాను.  రాసుకోమ్మా అన్నాడు బాబాయి.

తటస్థం అనాలని నలుగురు ఎత్తారు. ఉన్నదున్నట్టు రాయాలని బాబాయితో కలిపి నలుగురు. మిగిలింది గుడివాడ మిల్లు తరఫున వచ్చిన మా అన్నయ్య. భుజం విరిగిన రోజు ఆసుపత్రిలో మంచం ఇప్పించింది మావయ్యే. గుడివాడలో చప్పట్లు కొట్టినవాడూ అన్నయ్యే.  అతని కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు. ఎడమచెయ్యి ఎత్తాడు, మా వైపు. అతని పేరు ఐదోదిగా రాసుకున్నాను.

కాగితం బయటికొచ్చింది. గుడివాడ మిల్లు గేట్ల మీద, పెడన షెడ్ల మీద, అవనిగడ్డ బస్సుల వెనక అంటించాం. చిరిగినచోట మళ్ళీ అంటించాం. అయినా ఎన్నికల్లో మావయ్య గెలిచాడు. ఏం పీకింది మీ కాగితం అని నా మొహానే నవ్వినవాళ్ళున్నారు. మా అధ్యక్షులు గారు మమ్మల్ని వదిలి వెళ్ళిపోయారు, ఆయనకి తగిన పదవి ఆయనకి దొరికింది. అమ్మ దాదాపు ఏడాది నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేను మాత్రం ప్రతి సమావేశం తరవాతా కాగితం తీస్తూనే ఉన్నాను. గెలిపించడానికో ఓడించడానికో తీసిన కాగితం కాదది. మీరేం చేశారో మాకు తెలుసు అని చెప్పడానికి తీసింది. మనకి తెలుసని వాళ్ళకి తెలియడం ఎంత పెద్ద సంగతో ఆ నవ్వినవాళ్ళకి అర్థం కాలేదు.

రెండేళ్ళ తరవాత మగ్గాలవాళ్ళకి నూలు మీద ఉన్న రాయితీ ఎత్తేసే బిల్లొకటి వచ్చింది. లైబ్రరీలో ఆ పుస్తకం తిరగేస్తుంటే ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. డివిజన్ కావాలని అడిగిన సభ్యుడి పేరు మావయ్యది. వ్యతిరేకించినవాళ్ళ పేర్లలో ఆయన పార్టీ నుంచి ఆయనొక్కడే ఉన్నాడు. బిల్లు నెగ్గింది. ఆయనకి పార్టీ మళ్ళీ టికెట్టివ్వలేదు.

పెడన బాబాయి పోయినప్పుడు మావయ్య వచ్చాడు. జనంలోంచి నన్ను చూసి దగ్గరికొచ్చి, "నూలు బిల్లు మీద ఏం రాశావమ్మా?" అన్నాడు.

"వ్యతిరేకం, డివిజన్ అడిగారు అని రాశాను మావయ్యా."

"చూశాన్లే. మా ప్రహరీ గోడకి కూడా అంటించారు మీవాళ్ళు" అన్నాడు.

అంతకుమించి ఏమీ మాట్లాడుకోలేదు. నా కాగితం చూసే ఆయన లేచి నిలబడ్డాడని నేను ఏ రోజూ చెప్పుకోలేదు. పెడనలో ఆయనకి స్నేహితులున్నారు, వాళ్ళ మగ్గాలు ఆగిపోవడం కళ్ళారా చూశాడు. తెలియంది రాయకూడదు కాబట్టి అంతవరకే రాస్తున్నాను.

ఇప్పుడు మావయ్యా లేడు, అమ్మా లేదు. అసెంబ్లీ టీవీలో కనబడుతుంది, ఎవరు నిద్రపోతున్నారో కూడా చూడొచ్చు. మూజువాణి మాత్రం అట్లాగే ఉంది, టీ చల్లారేలోగా బిల్లులు అయిపోతున్నాయి. యూనియన్లు మార్కులు వేస్తూనే ఉన్నాయి గానీ, ఎవరితో పొత్తుంటే వాళ్ళకి కొంచెం ఎక్కువ వేస్తున్నాయని వింటున్నాను. ఇంటికి వెళ్ళి ఎదురుగా కూర్చుని, అయ్యా మీరు అవునన్నారా కాదన్నారా అని అడిగేవాళ్ళు తగ్గిపోయారు. అడిగితే నిజం చెప్పే మావయ్యలూ తగ్గిపోయారు. నాకు ఎక్కువ బాధ ఈ రెండోదే. ఆయన అబద్ధమాడాడు, నిజమే. కానీ నా మొహం చూసి అబద్ధమాడలేకపోయాడు.

మొన్న మా వీధిలోకి పూలదండలతో ఒక బండి వచ్చింది. పైన నిలబడ్డాయన మళ్ళీ గెలిపించమని దణ్ణం పెడుతున్నాడు. నేను వాకిట్లోంచి దిగి బండికి ఎదురుగా వెళ్ళి, బాబూ, పోయిన సమావేశాల్లో పని గంటలు పెంచుకోవచ్చన్న బిల్లుకి మీరు అవునన్నారా, కాదన్నారా అని అడిగాను. మైకులో పాట ఆగింది. ఆయన పక్కవాడి మొహం చూశాడు. కిందున్న మనుషులు, తప్పుకోండి పెద్దమ్మా, బండి కదలాలి అన్నారు. జవాబు చెబితే తప్పుకుంటానన్నాను. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి, ఎండ నడినెత్తి మీదుంది. ఎదురింటి కోడలు వచ్చి నా పక్కన నిలబడింది, ఆ వెనకాల ఇంకొకామె. డ్రైవరు చాలాసేపు హారను కొట్టి, చివరికి బండిని వెనక్కి తిప్పుకున్నాడు.