రూతమ్మగారికి చెప్పిన రుచులు

గురజాల దాటాక రోడ్డు పక్కన ఒక తాటితోపు ఉంది. పొద్దు పొడవకముందే అక్కడ మా వ్యాను ఆపుతాం. కల్లు గీసే వెంకటేశ్వర్లు బాబాయి చెట్టు దిగి, నడుముకు కట్టుకున్న ముంత విప్పి నా ముందు పెడతాడు. నురగ ఇంకా చిటపటలాడుతూనే ఉంటుంది. అప్పుడు వచ్చే వాసనే వేరు. పచ్చి తాటాకు, దాని మీద తీపి, అడుగున ఎక్కడో మొదలు కాబోతున్న పులుపు. అది ముక్కుకు తగలగానే రూతమ్మగారు నా పక్కన నిలబడి కొంగు సర్దుకుంటున్నట్టే ఉంటుంది. విడ్డూరం ఏమిటంటే, చివరి ఏళ్లలో ఆమెకు ఈ వాసన తెలియనే తెలియదు.

మాది రుచుల బండి. గుంటూరు నుంచీ హైదరాబాదు నుంచీ వచ్చిన వాళ్లను నరసరావుపేటలో చీకటితో ఎక్కించుకుని, పొద్దున తోపులో కల్లు, మధ్యాహ్నం పల్లెలో భోజనం, సాయంత్రం ఎత్తిపోతల జలపాతం చూపించి తీసుకొస్తాం. బండి పెట్టింది రూతమ్మగారు. ఆమె నాకు తగిలేనాటికి నేను పేటలో కోర్టు దగ్గర జిరాక్స్ షాపులో పనిచేస్తున్నాను. ఒక మధ్యాహ్నం నెరిసిన జుట్టు, ఇస్త్రీ చేసిన నేత చీర, చేతిలో గొడుగుతో ఒకావిడ వచ్చి కరపత్రాలు వేయమన్నారు. నేను కాయితం అటూ ఇటూ తిప్పుతుంటే "నిదానం, నిదానం" అన్నారు. రిటైరైన టీచరని అప్పుడే తెలిసిపోయింది. కరపత్రం చదివి పక్కున నవ్వాను.

"కల్లు తాగటానికి డబ్బులు కట్టి వ్యానెక్కుతారా ఎవరన్నా?"

"యాడనో ద్రాక్షతోటల్లో తిప్పి, వైను రుచి చూపించి, అన్నం పెట్టి పంపిస్తారంట. జనం ఎగబడి పోతన్నారు. మనకు తాటిచెట్లు లేవా, గోంగూర లేదా?"

ఆమె మెడలో సిలువ కనబడింది. "మీరు చర్చికి పోతారు గదండీ?" అన్నాను.

"పోతా. అందుకే ఆదివారం బండి తిప్పను. ఏమే, నీకింత నోరుంది, నాతో వస్తావా?"

వెళ్లాను. కల్లు బండిలో ఉద్యోగమా అని మా అమ్మ నెత్తి కొట్టుకుంది. చర్చిలో రూతమ్మగారికి కూడా నాలుగు మాటలు పడ్డాయి. ఆమె వాటిని గొడుగు మీద వానలాగా జారిపోనిచ్చారు.

మా బండికి ఒక పద్ధతి ఉండేది. ఏదైనా సరే మొదటి గుక్క, మొదటి ముద్ద మాదే. అందరి ఎదుటా రుచి చూసి, ఎలా ఉందో చెప్పి, ఆ తర్వాతే వాళ్లకు పెట్టాలి. మొదటి రోజు ఆమె నా చేతిలో తాటాకు దొప్ప పెట్టి కల్లు పోయించారు. తాగి, ధీమాగా "బాగుంది" అన్నాను.

"బాగుందంటే ఏందే? చీరా బాగుంటది, వానా బాగుంటది, పక్కింటోళ్ల కోడలూ బాగుంటది. దీని సంగతేందో చెప్పు."

"తియ్యగా ఉంది టీచరుగారూ."

"ఎట్టాంటి తీపి?"

అందరూ నా మొహమే చూస్తున్నారు. ఇంకో గుక్క తాగి, నోటికొచ్చింది అనేశాను. "కొబ్బరినీళ్లల్లో ఎవరో బియ్యం కడిగినట్టుంది." అంతా గొల్లున నవ్వారు. రూతమ్మగారు మాత్రం నవ్వలేదు. "అదీ!" అని నా వీపు తట్టారు. బడిలో ఏ పంతులూ నన్ను అలా తట్టలేదు. ఆ రోజంతా నేను నేల మీద నడిచానంటే ఒట్టు.

తర్వాత కరోనా వచ్చింది. బండి మూలపడింది. రూతమ్మగారు జ్వరంతో ఆసుపత్రిలో పడి, మొత్తానికి బతికి బయటపడ్డారు. రోజులు కుదుటపడ్డాక మళ్లీ బయల్దేరాం. ఆమె నడకా అదే, దబాయింపూ అదే. ఒక్కటే తేడా. తోపులో గానీ భోజనాల దగ్గర గానీ "నువ్వే చెప్పు కోటీ" అని నన్ను ముందుకు తోసేవారు. నాకు ప్రమోషన్ వచ్చిందనుకుని మురిసిపోయాను.

ఒక శనివారం ఎండ మండిపోతోంది. ప్రయాణికుల్లో ఒక పెద్దాయనకు కళ్లు తిరిగితే నేను వ్యాను దగ్గర ఉండిపోయాను. భోజనం అంజమ్మ పిన్ని ఇంట్లో. పల్లెలో మాకు వండిపెట్టేది ఆమే. పెద్దాయన తేరుకున్నాక నేను ఆ ఇంటి వాకిట్లో అడుగు పెట్టానో లేదో, మాడు వాసన గుప్పుమంది. గోంగూర పప్పు అడుగంటి మాడింది. లోపల విస్తరి ముందు కూర్చున్న రూతమ్మగారు ముద్ద మింగి, గొంతెత్తి అంటున్నారు. "ఏం పప్పు అంజమ్మా! ఇంత కమ్మగా ఎప్పుడూ కుదర్లా."

విస్తళ్ల ముందున్న వాళ్లు తలలు వంచుకున్నారు. అంజమ్మ పిన్ని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నా పప్పు మాడింది టీచరమ్మా. నాకూ తెల్సు. ఒంటి చేత్తో చేసుకుంటన్నా, చూసుకోలా. తిట్టు, పడతా. ఇంతమందిలో ఇట్టా ఎగతాళి చేస్తావా? రేపట్నించి ఇంకోళ్లని చూసుకో."

రూతమ్మగారు అంజమ్మ వైపు చూడలేదు. నా వైపు చూశారు. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్ల అలా చూస్తుంది. ఆమె అలా చూడగా నేనెన్నడూ చూడలేదు. నాకు అంతా అర్థమైపోయింది.

ఎత్తిపోతల దగ్గర అందరూ కమ్మీల పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంటే, మేమిద్దరం వెనక అరుగు మీద కూర్చున్నాం. నీళ్ల హోరులో ఆమె గొంతు సన్నగా వినబడింది.

"జ్వరం తగ్గినకాడ్నించి ఇంతే. కారం మంట తెలుస్తది. వాసన తెలవదు, మిగతాదంతా తడి అట్ట నమిలినట్టే. డాక్టరు మళ్లా వస్తదన్నాడు. రాలా."

"నేనున్నాగా. నేను ముందు తిని మీకు సైగ చేస్తా. ఎవరికి తెలుస్తది?"

"నాకు తెలుస్తది." కొంగుతో మొహం తుడుచుకున్నారు. "కాపీ కొట్టొద్దని పిల్లకాయలకు చెప్పి చెప్పి ఈ వయసుకొచ్చా. రుచి తెలీనిదానికి రుచుల బండి ఎందుకే? ఆపేద్దాం."

నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం పోతుందని కాదు. సరే, అదీ కొంచెం ఉందనుకోండి. కానీ ఆ బండి తప్ప ఆమెకు ఇంకేం ఉందని? ఇంటికి పోతే గోడలు, రేడియో. బండి ఆగితే ఆమె కూడా ఆగిపోతుందని నా భయం.

ఆపేముందు అంజమ్మకు చెప్పిరావాలన్నారు. మర్నాడు కాక ఆ మర్నాడు వెళ్లాం. పిన్ని కూర్చోమని కూడా అనలేదు. రూతమ్మగారు నిలబడే ఉన్నదున్నట్టు చెప్పి, "నిన్ను ఎగతాళి చేయలా అంజమ్మా. నాకు నిజంగా తెలవలా" అన్నారు.

పిన్ని లోపలికి వెళ్లి, కంచంలో అన్నం, పప్పు, నెయ్యి కలుపుకొచ్చి ఎదురుగా చతికిలబడింది. "కూచో. నోరు తెరు" అంది. ఆ టీచరుగారు, పల్నాడంతా తన మాటే నెగ్గాలనే మనిషి, బుద్ధిగా కూర్చుని నోరు తెరిచారు.

"ఇది ఎర్ర గోంగూర. పులుపు దవడల కాడ పట్టుద్ది. పట్టిందా, ఇప్పుడు నెయ్యి వచ్చి దాన్ని సముదాయిస్తంది. ఎల్లిపాయ అప్పుడే తగలదు. ఆగు, మింగబాక. మింగేటప్పుడు తగులుద్ది."

రూతమ్మగారు నములుతున్నారు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"తెలిసిందా?"

"తెలవలా. ఇంకో ముద్ద పెట్టు."

తిరిగొచ్చేటప్పుడు పిడుగురాళ్ల దాకా ఆమె కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నారు. తర్వాత అటు చూస్తూనే అడిగారు, "శనివారం ఎంతమంది వస్తన్నారే?" అని. దేవుడా అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

ఆ శనివారం తోపులో వచ్చినవాళ్లందరినీ వరసగా నిలబెట్టి, ఆమె దాపరికం లేకుండా చెప్పేశారు. "నాకు జ్వరంలో రుచి పోయింది. మీరు తాగి ఎట్టుందో నాకు చెప్పాలి. బాగుందంటే ఒప్పుకోను." జనం మొహమొహాలు చూసుకున్నారు. పొద్దున్నుంచీ ఫోన్లో ఎవరినో కేకలేస్తున్న ఒక కాంట్రాక్టరు ముందు గటగటా తాగేసి "సూపర్" అన్నాడు. ఆమె కదలకుండా అతని మొహంలోకే చూస్తూ నిలబడ్డారు. అతను ఫోను జేబులో పెట్టి మళ్లీ దొప్ప పట్టాడు. ఈసారి మెల్లగా తాగాడు.

"మా నాయన తాగి, అడుగున కాస్త మిగిల్చి నాకిచ్చేవోడమ్మా. ఆ... చెరుకురసం లాగా ఉంది. కాదు కాదు, చెరుకు కాదు. ఉండమ్మా, ఇంకోసారి తాగనీ."

అప్పటిదాకా మా బండిలో వచ్చినవాళ్లు తాగేవాళ్లు, తినేవాళ్లు, ఫొటో దిగి పోయేవాళ్లు. ఆ రోజు నుంచి ఆమెకు చెప్పాలి గనక నిదానంగా తాగారు, నిదానంగా తిన్నారు. ఒకరు చెప్పింది ఇంకొకరు కాదన్నారు. నాటుకోడి పులుసు మీద పెద్ద వాదనలే జరిగాయి. రూతమ్మగారు మధ్యలో కూర్చుని, ఎవరు మాట్లాడితే వాళ్ల నోటి వైపే చూసేవారు. ఆమె అంత ఆకలిగా వినడం బడిలో పిల్లలు కూడా చూసి ఉండరు.

తర్వాత ఆమెకు గుండె జబ్బు ముదిరింది. వ్యానెక్కలేకపోయారు. బండి నా చేతిలో పెట్టి, మంచానికి అతుక్కుపోయారు. ప్రతి శనివారం తిరిగి రాగానే నేను తిన్నగా వాళ్లింటికే పోయేదాన్ని. ఆఖరుసారి వెళ్లినప్పుడు, ఆమెను చూసుకుంటున్న పక్కింటావిడ జావ కూడా దిగడం లేదంది. మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. పుల్లలా ఉంది.

"ఇయ్యాల కల్లు ఎట్టుందే?" అన్నారు కళ్లు తెరవకుండానే.

ఎంత ప్రయత్నించినా ఒక్క మాటే వచ్చింది. "బాగుంది టీచరుగారూ."

ఆమె పెదవి కొసన నవ్వు కదిలింది. "బాగుందంటే ఏందే?"

కళ్లు తుడుచుకుని చెప్పాను. "రాత్రి మబ్బు పట్టింది గదండీ, ముంత చల్లగా దిగింది. ముందు నురగ పెదాలకి తగిలింది. ఆనక తీపి. కొబ్బరినీళ్లల్లో బియ్యం కడిగినట్టే, అదే తీపి. పులుపు ఇంకా రాలా. గుటకేసినాక వస్తదేమోనని చూశా. రాలా."

ఆమె గొంతు మెల్లగా కదిలింది, మింగినట్టు.

ఆమె పోయాక కూడా బండి ఆగలేదు. ఆదివారం ఇప్పటికీ తిప్పను. తోపులో ముంత దించగానే మొదటి గుక్క నేనే తాగుతాను. కళ్లు మూసుకుని నురగ దగ్గర్నుంచీ మొదలుపెట్టి, తీపి ఎలాంటిదో, పులుపు వచ్చిందో లేదో, నిదానంగా, పైకే చెబుతాను. చుట్టూ నిలబడ్డవాళ్లు తమకే చెబుతున్నాననుకుని శ్రద్ధగా వింటారు.