ఎలుకకు కుట్టిన జాకెట్టు

ఆ ఏడాది మా ఇంట్లో రెండు గడ్డలుండేవి. ఒకటి ఎలుకకు, ఒకటి అమ్మకు. ఎలుక గడ్డ సంగతి సందు సందంతా తెలుసు. అమ్మ గడ్డ సంగతి అమ్మకొక్కదానికే తెలుసు. ముందు ఎవరు కత్తి కిందికి పోవాలన్నది కూడా తనే తేల్చేసుకుంది, నాతో ఒక్క మాట అనకుండా. ఆ విషయంలో నాకు ఇప్పటికీ అమ్మ మీద కోపమే. అయినా ఆ చలికాలాన్ని తలుచుకుంటే కోపం నిలవదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మదనపల్లెలో పొద్దెక్కినా మంచు విడవని రోజులవి. కిటికీలోంచి ఎదురిల్లు కూడా కనబడేది కాదు. లోపల కుట్టు మిషన్ చప్పుడు, సొరుగులో నిద్రపోయే ఎలుక. అందులో ఏది నిజంగా జరిగిందో, ఏది తర్వాత కలల్లో కలుపుకున్నానో కొన్నిసార్లు నాకే తెలియదు.

మేముండేది మిషన్ ఆసుపత్రి వెనక సందులో. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టి నన్ను డిగ్రీదాకా తెచ్చింది. ఎవరైనా వచ్చి "మిషనమ్మ ఇల్లు యాడ?" అని అడిగితే, ఆసుపత్రి మిషనా కుట్టు మిషనా అని సందు మొదట్లో వాళ్ళు తిరిగి అడిగేవాళ్ళు.

ఎలుక మా కాలేజీది. జువాలజీ ప్రాక్టికల్స్‌కు తెల్లెలుకలను తెప్పించేవాళ్ళు, తలా ఒకటి, కోసి లోపల ఏముందో చూసి బొమ్మ గీయడానికి. మా క్లాసులో ఒకమ్మాయి మధ్యలో పెళ్ళి కుదిరి చదువు మానేసింది. ఆమె వాటా ఎలుక మిగిలిపోయింది. ఆ పెళ్ళి వల్ల ఆమె ఏం బాగుపడిందో గానీ ఎలుక మాత్రం బతికిపోయింది. దాన్ని అన్నం డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

"ఎలకలు పోవాలని పిల్లిని తెచ్చుకుంటారు. ఎలకనే తెచ్చేవాళ్ళు యాడన్నా ఉండారా మే?" అని అమ్మ గొడవ చేసింది. కుట్టమని ఇచ్చిన పట్టుగుడ్డను ఎలుక కొరికిందంటే పోయేది ఆమె పరువు. అందుకని మిషన్ కింది సొరుగు ఖాళీ చేసి, నిండా కత్తిరింపు ముక్కలు పోసి దాన్ని అందులో వదిలింది. "ఇది నీ పాలు. ఎంతన్నా కొరుక్కో. ఇంకొకరి గుడ్డ ముట్టినావంటే సూడు మల్ల" అని వేలు చూపించి చెప్పింది. ఏం అర్థమైందో ఏమో, అది నిజంగానే ఇంకో గుడ్డ ముట్టలేదు. కొన్నాళ్ళకు మధ్యాహ్నాలు అమ్మ ఒళ్ళోకే ఎక్కి పడుకోవడం మొదలుపెట్టింది. దానికి పేరేమీ పెట్టలేదు, 'చిన్నది' అనేవాళ్ళం. సుఖంగా ఉన్నప్పుడు పళ్ళు నూరేది. ఆ చప్పుడు వింటే ఎవరో దూరంగా, చాలా దూరంగా మిషన్ తొక్కుతున్నట్టు ఉండేది.

గడ్డను ముందు కనిపెట్టింది అమ్మే. చిన్నదాని ముందుకాలి చంకలో చింతగింజంత. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళ కొలతలు టేపు లేకుండా చెప్పగలిగిన వేళ్ళవి, వాటికి తెలియని ఉబ్బు ఉండదు. అది రేగిపండంత అయ్యేసరికి "కోయించాల" అంది. ఎలుక ఆయుష్షే రెండు మూడేళ్ళమ్మా, వదిలేద్దాం అన్నాను, జువాలజీ చదివిన తెలివితో.

"ఉన్నన్ని దినాలూ గడ్డను మోస్తా బతకమంటావా?" అని అరిచింది. మా అమ్మ అరిచే మనిషి కాదు. చిన్నదాని మీద ఇంత ప్రేమ పెంచుకుందా అని ఆశ్చర్యపోయాను.

మా ఊళ్ళో అడిగిన చోటల్లా నవ్వారు. ఎలుకకు మందంటే చంపే మందే గానీ బతికించే మందు ఉంటుందని ఎవరూ విన్నట్టు లేదు. చివరికి అమ్మ దగ్గర కుట్టించుకునే ఒకామె, పుంగనూరులో పశువుల డాక్టరుగా ఉన్న తన తమ్ముడి దగ్గరికి పొమ్మంది. "పుంగనూరు ఆవులే పొట్టివి గదక్కా, చిన్న ప్రాణాల మీద మావాడికి చెయ్యి తిరిగుంటాది" అని వేళాకోళం ఆడింది. అమ్మ దాన్ని నిజమనే నమ్మి, ఆ వారమే నన్నూ తీసుకుని బస్సెక్కింది.

ఆ డాక్టరు తన ఇంటి వరండాలో బల్ల మీద ఉతికిన తువ్వాలు పరిచాడు. మత్తుమందు పోసిన దూదితో పాటు చిన్నదాన్ని గాజు సీసా కింద పెట్టాడు. కాలేజీలో ఎలుకలను కోసిన దాన్నే, అయినా నాకు కళ్ళు తిరిగి గేటు దగ్గరికి వచ్చేశాను. అమ్మ మాత్రం బల్ల పక్కనే నిలబడింది. అంతా అయ్యాక డాక్టరు చేతులు కడుక్కుంటూ నాతో అన్నాడు: "మీయమ్మ రెప్ప గూడా వాల్చలేదు పాపా. యాడ మొదలుపెడతావు నాయనా, యాడిదాకా కోస్తావు, రగతం ఎంత పోతాదని ఒకటే అడగడం. డాక్టరు కావాల్సిన మనిషి."

అమ్మ అప్పుడు కుట్లు చూస్తోంది. "దూరం దూరం పడినాయి నాయనా" అంది.

"ఆవు తోలు కుట్టి అలవాటమ్మా నాకు. కుట్లను అది కొరక్కుండా సూసుకోండి, అంతే. కొరక్కుండా ఉంటే అది ఎలకే కాదనుకోండి."

తిరిగి వచ్చేటప్పుడు అమ్మ చిన్నదున్న అన్నం డబ్బాను కొంగులో చుట్టి కుడిపక్కన పెట్టుకుంది. బస్సులో అందరూ చలికి ముడుచుకుని ఉన్నారు. కిటికీ బయట బండరాళ్ళ గుట్టలు, మామిడితోటలు, తడిసిన మేకలు మెల్లగా వెనక్కి పోతున్నాయి. ఏముందమ్మా అందులో అని కండక్టరు అడిగితే "పేషెంటు" అంది అమ్మ. ఆయన రెండు టికెట్లే చింపిచ్చాడు. నేను అమ్మ భుజం మీద తల పెట్టి నిద్రపోయాను. ఎడమ భుజం. ఆమె ఒకసారి ఉలిక్కిపడి మళ్ళీ సర్దుకున్నట్టు గుర్తు.

ఇంటికి రాగానే అమ్మ ఎలుకకు కొలతలు తీసింది. టేపు మరీ వెడల్పని దారంతో తీసింది. తన జాకెట్టు కుట్టగా మిగిలిన ఆకాశం రంగు వాయిలు ముక్కలో రెండు చేతులకు రెండు కంతలు పెట్టి, వీపు మీద ముడి వచ్చేట్టు నాడాలు కుట్టింది. చిన్నది మత్తు వదిలి లేచి తన ఒంటి మీద జాకెట్టు చూసుకుంది. రెండడుగులు వెనక్కి నడిచింది, ఒక పక్కకు పడిపోయింది, లేచి మళ్ళీ వెనక్కి నడిచింది. జాకెట్టులోంచి వెనక్కి నడిచి బయటపడొచ్చు అనుకుంది కాబోలు. మేమిద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. అమ్మ అంతగా నవ్వడం నేను మళ్ళీ చాలాకాలం చూడలేదు.

తర్వాతి రోజులు ఒకదాన్నుంచి ఒకటి విడదీయలేనట్టు కలిసిపోయాయి. మందు సీసాలో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి సొరుగులో పెట్టేవాళ్ళం. ఇంకు ఫిల్లరుతో రాగి అంబలి పట్టేవాళ్ళం. నేను మిషన్ పక్కనే చాప మీద పుస్తకం పెట్టుకుని పడుకునేదాన్ని. రంగురంగుల ముక్కల మధ్య నీలం జాకెట్టు పైకీ కిందికీ కదులుతుండేది. మిషన్ ఆగితే చిన్నది లేచి గిలగిలలాడేది. అందుకని కుట్టే పని లేకపోయినా అమ్మ వట్టి మిషన్నే తొక్కేది. గుడ్డ లేదు, దారం లేదు, సూది లేచి దిగుతూ ఉండేది. ఆ చప్పుడుకు మేం ముగ్గురం సగం నిద్రలోనే బతికాం.

ఆ సగం నిద్రలోనే అమ్మ నన్ను అడుగుతుండేది.

"మే, కోసిన తావున దానికి మొద్దుబారినట్లు ఉంటాదంటావా?"

"ఏమో మా."

"సెయ్యి పైకెత్తుతాండాదా అది?"

"ఎత్తుతాండాది లే."

"మళ్ళా ఆడ్నే వస్తాదా గడ్డ?"

"ఎలకలకైతే మళ్ళీ వస్తాది అని పుస్తకంలో ఉండాది" అన్నాను, కళ్ళు మూసుకునే. మిషన్ ఆగింది. చిన్నది కదిలింది. కాసేపటికి మిషన్ మళ్ళీ మొదలైంది.

ఈలోగా చర్చిలో ఒక తమాషా జరిగింది. ప్రార్థన అవసరాలు చెప్పుకునేటప్పుడు అమ్మ లేచి నిలబడి, "మా ఇంట్లో చిన్నదానికి ఆపరేషన్ అయిండాది, అందరూ ప్రార్థన సెయ్యండి" అంది. ఆమెకున్నది నేనొక్కదాన్నే అని సంఘానికంతా తెలుసు, ఆ ఆదివారం నేను చిన్నదానికి కాపలాగా ఇంట్లోనే ఉండిపోయాను. ఆ సాయంత్రమే పెద్దమ్మగారు, అంటే స్త్రీల సమాజానికి పెద్దావిడ, ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. రోగిని చూడబోయేటప్పుడు తీసుకుపోయే బ్రెడ్డు, బత్తాయిలు, హార్లిక్స్ సీసా అన్నీ తెచ్చారు. తలుపు తీసింది నేను. చేతిలో పకోడీ ఉంది. ముగ్గురూ నా పొట్ట వైపు చూశారు.

అమ్మకు అబద్ధం చేతకాదు. మెల్లగా సొరుగు లాగి చూపించింది. జాకెట్టు తొడుక్కున్న ఎలుక మీసాలు ఆడిస్తూ ముగ్గురినీ చూసింది. పెద్దమ్మగారు సొరుగు మీదికి వంగి చూసింది. తర్వాత గొంతు సవరించుకుని, "ఇది గూడా దేవుడు చేసిందే గదమ్మా" అని కళ్ళు మూసుకుని, కొంచెం క్లుప్తంగానే అయినా ప్రార్థన చేసింది. బ్రెడ్డూ బత్తాయిలూ మాకిచ్చి వెళ్ళారు. హార్లిక్స్ సీసా మాత్రం సంచిలోంచి బయటికి రాలేదు.

చిన్నది కోలుకుంది. కుట్లు ఊడాయి, జాకెట్టు విప్పేశాం. అది కర్టెన్ మీద పైదాకా పాకి అక్కడినుంచి మమ్మల్ని చూసేది. చంకలో ఒక సన్నటి గీత తప్ప ఏమీ మిగల్లేదు.

దీపాలు పెట్టే వేళ ఇద్దరం మోకరించి ప్రార్థన చేసుకోవడం మా ఇంట్లో అలవాటు. అమ్మ పైకి చెప్తుంది, నేను కళ్ళు మూసుకుని వేరే ఏదో ఆలోచిస్తుంటాను. ఆ రోజు కూడా అలాగే ఉన్నాను. "తండ్రీ, ఆ గడ్డను నువ్వే సూసుకో. నాకు బయమవతాండాది" అంది అమ్మ. రోజూ వింటున్న మాటే. ఆ రోజెందుకో చెవిలో ఆగింది. ఏ గడ్డ? చిన్నది కర్టెన్ మీద ఉంది కదా అని కళ్ళు తెరిచాను. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. కుడిచెయ్యి ఎడమ చంక కింద ఉంది.

"మా, ఎలక్కి గడ్డ యాడుండాది ఇంక?"

ఆమె ఆమెన్ దాకా చెప్పి అప్పుడు కళ్ళు తెరిచింది. "ఎలక్కి లేదులే" అంది.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎన్నాళ్ళనుంచి, ఎందుకు చెప్పలేదు, నేనేమన్నా పరాయిదాన్నా అని అరిచాను. ఆమె తలొంచుకుని వింది.

"ముందు దాన్ని పంపించి సూద్దామనుకుంటి" అంది చివరికి. "అది లేసి తిరిగితే నేనూ పోదామనుకుంటి."

"లేసింది గదా! కర్టెన్లెక్కుతాండాది గదా!"

"లేసింది. దానికి జాకెట్టు కుట్టను నేనుంటి. నాకు బయం, మే. నేను పండుకుంటే మిషన్ తొక్కేదెవురు?"

మా అమ్మ నన్ను ఎప్పుడూ మిషన్ ముట్టనివ్వలేదు. నువ్వు చదువుకో, ఈ తొక్కుడు నాతోనే పోనీ అనేది. ఆ మరుసటి రోజు తెల్లారగానే నేను మిషన్ ముందు కూర్చున్నాను. ఆకాశం రంగు వాయిలు తెచ్చి అమ్మకు జాకెట్టు కుట్టాను. చెయ్యి ఎత్తకుండా వేసుకునేట్టు, చిన్నదానికి వీపు మీద ఉన్నట్టే ఆమెకు ముందు పక్క నాడాలు పెట్టాను. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి అయ్యాయి. భుజం దగ్గర మూడుసార్లు విప్పి కుట్టాల్సి వచ్చింది. అమ్మ చూసి "ఇది జాకెట్టా, వడ్ల సంచా?" అంది. అయినా మడిచి ఆసుపత్రికి సర్దుకున్న బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టుకుంది.

కుప్పంలో పెద్దాసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. ఎడమపక్క రొమ్ము మొత్తం తీసేశారు. ఆ వార్డులో ఒక పక్కన అరవం, ఒక పక్కన కన్నడం, మధ్యలో మా తెలుగు. నొప్పికి మూలగడం మాత్రం అందరిదీ ఒకే భాష. మొదటిసారి కట్టు విప్పినప్పుడు అమ్మ తల వంచి చూసుకుంది. నేను ఆమె ముఖం చూడలేకపోయాను. "దగ్గరదగ్గరగా కుట్టినారు మే, పుంగనూరాయన మాదిరి కాదు" అంది. అప్పుడు ఏడ్చాను. ఆమె మాత్రం ఏడవలేదు.

చిన్నదాన్ని అన్నాళ్ళూ పెద్దమ్మగారు చూసుకుంది. మేం ఇంటికి రాగానే సొరుగుతో సహా తెచ్చిచ్చింది. ఈసారి హార్లిక్స్ సీసా సంచిలోంచి బయటికి వచ్చింది.

గాయం పూర్తిగా మానాక ఒక మధ్యాహ్నం. అమ్మ నేను కుట్టిన జాకెట్టు వేసుకుని చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. నేను వట్టి మిషన్ తొక్కుతున్నాను. చిన్నది, అప్పటికే ముసలిదైంది, అమ్మ మీదికి ఎక్కి అటూ ఇటూ వెతికి, ఎడమపక్క ఖాళీగా ముడతలు పడిన చోట చుట్టుకుని పడుకుంది. నేను లేచి తీయబోయాను.

"ఉండనీ" అంది అమ్మ. "ఇన్నాళ్ళూ దానికి సరిగ్గా పండుకునే తావు లేకపోయె. ఇప్పుడు సదునుగా ఉండాది."

చిన్నది పళ్ళు నూరడం మొదలుపెట్టింది. ఆ పక్క లోపల దూది పెట్టి కుడతానమ్మా, బయటికి పోయేటప్పుడు బాగుంటుంది అన్నాను. అమ్మ కళ్ళు తెరవకుండానే, "ఇది ఉన్నన్ని దినాలు వద్దులే" అంది. చర్చికి కూడా అలాగే వెళ్ళింది, కొంగు కాస్త దగ్గరికి లాక్కుని.

మరుసటి ఎండాకాలంలో చిన్నది నిద్రలోనే పోయింది. నీలం జాకెట్టు తొడిగి, పెరట్లో సీతాఫలం చెట్టు కింద పూడ్చిపెట్టాం. చేతులు కడుక్కుని లోపలికి వచ్చాక అమ్మ తన జాకెట్టు విప్పదీసి మిషన్ ముందు కూర్చుంది. ఆ పక్కకు తనే దూది పెట్టి కుట్టుకుంది.