ఎనభై దగ్గర వణుకు

పోయిన వారం చిత్తూరు నుంచి తిరిగి వస్తుంటే, పూతలపట్టు దాటాక స్టీరింగు నా అరచేతుల్లో సన్నగా అదిరింది. పిండిమర మీద చెయ్యి పెడితే తెలిసే అదురులాంటిది. వేగం తగ్గిస్తే పోతుంది, పెంచితే వస్తుంది. రోడ్డు మీద నేరం వేద్దామంటే అది అద్దంలా ఉంది. పక్కన కూర్చున్న నా కొడుకు ఒకసారి నా చేతుల వైపు చూసి, కిటికీ వైపు తిరిగాడు. వాడేమనుకున్నాడో నాకు తెలుసు, ఎందుకంటే పాతికేళ్ల కిందట మా నాయన చేతుల వంక నేనూ అలాగే చూశాను. ఇంటికొచ్చేదాకా అప్పటి మెకానిక్కు మునిరత్నం మేస్త్రీయే నా మనసులో తిరుగుతున్నాడు.

మా నాయన ముప్పై ఏళ్లు లారీ తోలాడు. అది మానేశాక పాత తెల్ల కారొకటి కొని, తిరుపతిలో దర్శనం చేసుకున్నవాళ్లను మద్రాసుకు దించి వచ్చేవాడు. నేనొక బడిలో గుమాస్తాను. ఆదివారాల్లో చుట్టాలను కొండకు తీసుకుపోవడం వరకే నా డ్రైవింగు. తొంభైల చివర్లో ఒక ఏడాది, ఆయుధ పూజ అయిన మూడో రోజు నాయన మద్రాసు నుంచి వచ్చి, "బండి ఎనభై దగ్గర వణుకుతా ఉండాదిరా" అన్నాడు. మర్నాడే కొండకు తోలి చూశాను. మా ఊళ్లో బండి మంచిచెడ్డలు తేల్చేది ఆ ఘాటు రోడ్డే. అన్ని మలుపులూ ఎక్కి దిగిన బండికి రోగం ఉండదని అందరూ నమ్ముతారు, నేనూ నమ్మాను. స్వామి దగ్గరికి పోయి వచ్చిన కారుకు ఇంకొకరి సర్టిఫికెట్టు ఎందుకు? ఆ రోడ్డు మీద నలభై దాటి ఎవరూ తోలరన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు. "కారుకేం లేదు నాయనా" అని చెప్పేశాను.

తర్వాతి బేరానికి ఎక్కిన పెద్దమనిషి మా ఇంటికి ఫోను చేసి, "మీ డ్రైవరుకు వయసైపోయింది, స్టీరింగు మీద చేతులు వణుకుతున్నాయి" అన్నాడు. ఆ డ్రైవరు మా నాయనేనని ఆయనకు తెలియదు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. నాయన అన్నం కలుపుకుంటుంటే వేళ్లనే చూసేవాణ్ణి. ఒకపూట వణికినట్టుండేది, ఇంకోపూట చెంబెడు నీళ్లు చుక్క తొణక్కుండా ఎత్తి తాగేవాడు. నేను చూస్తున్నానని ఆయన కనిపెట్టాడు. రెండు రోజుల తర్వాత నాకు వీపు పెట్టి కూర్చుని తినడం మొదలుపెట్టాడు. చివరికి నేనే ధైర్యం చేసి, "కొన్నాళ్లు దూరం బేరాలు వద్దులే నాయనా" అన్నాను. ఆయన తాళంచెవి తెచ్చి, గోడకున్న మేకుకు తగిలించి బయటికి పోయాడు. అరిచి తిట్టి ఉంటే బాగుండేది.

కారును ఇద్దరు మెకానిక్కులకు చూపించాను. ఒకడు ఇంజను కింది రబ్బర్లన్నాడు, ఇంకొకడు దిష్టి అన్నాడు. ఇద్దరూ బానెట్టు ఎత్తకముందే చెప్పేశారు. మూడోవాడు మునిరత్నం మేస్త్రీ. నగరిలో మగ్గాల ఇంట్లో పుట్టి, ఆ పని ఒంటబట్టక రేణిగుంట రోడ్డులో రేకుల షెడ్డు వేసుకున్న మనిషి. "వణికేది కారా, మా నాయన చేతులా, మీరే తేల్చాలి" అన్నాను.

ఆయన బీడీ ఆర్పి, "నాకెట్ట తెలుస్తాదప్పా? తెల్దు" అన్నాడు.

నాకు మండింది. తెలియదని చెప్పే మెకానిక్కును నేనంతకు ముందు చూడలేదు. వెనక్కి తిరిగాను కూడా. "యాడికి పోతావు? మీ నాయన్ని పిల్సుకోని రా. ముగ్గురం పోదాం" అన్నాడు. రోగమేమిటో తెలిసినట్టు నటించడం కన్నా, తెలియదని ఒప్పుకుని పక్కన కూర్చోవడం ఎంత కష్టమో అప్పటికి నాకు తెలియదు.

పుత్తూరు రోడ్డు మీద ముందు నాయన తోలాడు. మేస్త్రీ వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చున్నాడు, పానా కూడా తెచ్చుకోలేదు. డెబ్బై దాటగానే వణుకు మొదలై, ఎనభైకి స్టీరింగు గడగడలాడింది. "గేరు తీసి వదిలేయన్నా" అన్నాడు. ఇంజను నెమ్మదించింది గానీ వణుకు ఆగలేదు. "అయితే ఇంజను కాదు. అప్పా, ఇప్పుడు నువ్వు తోలు" అని నన్ను ముందుకు పంపాడు. ఎనభై దగ్గరికి వచ్చేసరికి నా చేతులు మోచేతుల దాకా అదిరాయి. వెనక నుంచి మేస్త్రీ కళ్లు తెరవకుండానే అడిగాడు: "ఏమప్పా, నీకూ వయసైపోయినాదా?"

వెనక్కి మారిన నాయన నవ్వలేదు. అద్దంలో ఆయన మొహం చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు.

షెడ్డుకు వచ్చాక ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి మళ్లీ బయలుదేరదీశాడు. ఈసారి స్టీరింగు నిమ్మళంగా ఉంది, సీటు అదురుతోంది! నాకు ఇంకా అయోమయమైంది. రోగం కుదరనే లేదు, చోటు మార్చుకుంది. "సూడు, వణుకు సక్రాలతోనే ఎనక్కి పోయినాది" అన్నాడు మేస్త్రీ. తిరిగొచ్చి, వెనక్కి మార్చిన చక్రాల్లో ఒకదాన్ని ముందు ఇరుసుకు తగిలించి, చేత్తో తిప్పి వదిలాడు. అది తిరిగి తిరిగి ఆగింది. సుద్దముక్కతో కింద గీత పెట్టి మళ్లీ తిప్పాడు. ఎన్నిసార్లు తిప్పినా ఆ గీతే కిందికి వచ్చి ఆగుతోంది. ఒక పక్క బరువెక్కువ. దానికి ఎదురు పక్క ఇనుప అంచు మీద, తుప్పు లేని చోట, చిటికెన వేలంత మచ్చ ఉంది. దాన్ని బొటనవేలితో రుద్దుతూ, "ఈడ సీసం ముక్క ఉండాల. బరువు సమానంగా ఉండేదానికి కొట్టి ఉంటారు. పండగకు సక్రాలకు ఏం జేసినారన్నా?" అని అడిగాడు.

ఆయుధ పూజ రోజు పొద్దున నేను కొబ్బరి పీచు, సబ్బునీళ్లు పెట్టుకుని చక్రాలు తళతళ తోమాను. పసుపు రాద్దామంటే అంచున నల్లగా, వికారంగా సీసం ముక్కలు అడ్డమొచ్చాయి. గట్టిపడిన మురికో, ఎవరో కొట్టిన అతుకులో అనుకుని స్క్రూడ్రైవరుతో పీకి కాలవలో పారేశాను. వెనక చక్రాల దాకా వచ్చేసరికి అమ్మ పూజకు పిలిచింది, లేకపోతే వాటివీ పీకేవాణ్ణి. ఆ మీదట పసుపు పూసి, కుంకం బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, దండం పెట్టుకున్నాను.

నోరు తెరిచేలోగా నాయన అన్నాడు: "నేనే తోమినాను మునిరత్నం. తెలవక పీకేసినట్టుండాను."

ముప్పై ఏళ్లు లారీ చక్రాలతో బతికిన మనిషి అన్న మాట అది. మేస్త్రీ నాయన వంక చూశాడు, నా వంక చూశాడు. "ఎవరని నేను అడగలేదే అన్నా. ఏం జేసినారని అడిగినా, అంతే" అని, సీసం ముక్కలు తెచ్చి, సుత్తి నా చేతిలో పెట్టాడు. "కొట్టప్పా. మెల్లిగా." కొడుతుంటే నా చేతులు వణికాయి. ఆ రోజు ఆ షెడ్డులో చేతులు వణికింది నాకొక్కడికే.

ఆ పైన కారు ఎనభైలో తొణకలేదు. తాళంచెవి మేకు మీంచి తీసి నేనే నాయన చేతికిచ్చాను. ఆయన ఇంకో ఆరేళ్లు మద్రాసుకు తోలాడు. నేను మాత్రం మేస్త్రీ షెడ్డుకు పోవడం మానలేదు. పనేమీ లేకపోయినా పోయి కూర్చునేవాణ్ణి. బడిలో లెక్క తప్పినా, ఇంట్లో మాట పెరిగినా ముందు "ఎవరు?" అని నాలుక చివరికి వచ్చేది. మేస్త్రీ గుర్తొచ్చి ఆగేవాణ్ణి. ప్రతిసారీ ఆగాననను, సగంసార్లయినా ఆగాను. ఇప్పుడాయన లేడు, ఆ షెడ్డు ఉన్నచోట టైల్స్ అంగడి ఉంది.

చిత్తూరు నుంచి ఇల్లు చేరాక, నా కొడుకును "నువ్వే ఏదో చేసుంటావు" అనబోయి మింగేశాను. "ఈ నెలలో కారుకు ఏమేం చేయించాంరా?" అన్నాను. ఇద్దరం అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాం. ఇంకా తేలలేదు. రేపు తెల్లారి ఇద్దరం తోలి చూడాలి.

ఒక్కటి మాత్రం నేను చెయ్యలేకపోయాను. సీసం పీకింది నేనని నాయనకు చివరిదాకా చెప్పలేదు. మరుసటి ఏడు ఆయుధ పూజకు బకెట్టు పట్టుకుని కారు దగ్గరికి పోతే, అప్పటికే చక్రం ముందు కూర్చున్న నాయన తలెత్తకుండా గుడ్డ ఒకటి నా మీదికి విసిరాడు.

"నువ్వు అద్దాలు తుడువు, సాలు. సక్రాల జోలికి రావద్దు."

నాయన పోయి పదేళ్లు దాటింది. ఇప్పటికీ ప్రతి ఆయుధ పూజకూ నేను అద్దాలే తుడుస్తాను.